నాలుగో నంబరు స్లింగుకి కొంచెం నలతగా ఉంది

గాజువాక,
9-8-1998, ఆదివారం.

ముందు ఈ మూడు ముక్కలు చదివి తర్వాత కిందకి రా: మీ తమ్ముడు శంకరం బాగున్నాడు. ఒంటి మీద గీత కూడా పడలేదు. తప్పు నాది.

శ్రీ

చిరంజీవి సౌభాగ్యవతి గంగాభవానికి నీ భర్త గవర్రాజు ఆశీర్వదించి రాసేది. ఇక్కడ నేనూ, శంకరమూ, మన గోడ మీద తిరిగే గోధుమరంగు పిల్లీ క్షేమం. ఈసారి ఆ మాట ఒకటికి రెండుసార్లు చూసుకుని రాస్తున్నాను. అక్కడ భిలాయిలో నువ్వూ, మన ఆశా, అల్లుడు గారూ, కొత్తగా దిగిన చిన్న అమ్మగారూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం బుధవారం అందింది. బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. నువ్వు నమ్మవని తెలుసు కాబట్టి ఖాళీ అట్టలు అలమర్లో దాచాను, వచ్చాక చూసుకో. ఆవకాయ జాడీకి గుడ్డ కట్టే ఉంచాను. జాడీ ఎక్కడికీ పోలేదు, లోపల ఆవకాయే తగ్గుతోంది, ఆ సంగతి నీ తమ్ముణ్ణి అడగాలి. పెరట్లో కుళాయి ఇంకా కారుతూనే ఉంది, కాకపోతే ఇప్పుడు కింద బకెట్టు పెట్టాను కాబట్టి దాన్ని కారడం అనకూడదు, నీళ్ళు పట్టుకోవడం అనాలి. మనవరాలికి నా ముక్కు వచ్చిందని రాశావు. పాపం. పెద్దయితే తగ్గుతుందేమో అక్కడి డాక్టరుని ఒకసారి అడగమను.

ఆశ అత్తగారు నా ఉద్యోగం ఏమిటని అడిగితే "తాళ్ళు చూస్తారు" అని చెప్పావట. ఆవిడ ఇంకేం అడగలేదట. అడక్కపోవడమే మర్యాద. కానీ నువ్వు చెప్పింది అక్షరాలా నిజం. యార్డులో గ్రానైట్ దిమ్మలు ఎత్తే ఇనప తాళ్ళు, అవే స్లింగులు, రోజూ సాయంత్రం ఒక్కొక్కటీ చూడటం నా పని. తాళ్ళూ కొక్కేలూ అన్నీ కలిపి మావాళ్ళు గేరు అంటారు. పాత గుడ్డ ముక్క చేత్తో పట్టుకుని తాడు పొడుగునా లాగుతాను. గుడ్డ జారిపోతే తాడు మంచిది. ఎక్కడైనా గుడ్డ చిక్కుకుందంటే అక్కడ లోపలి తీగలు తెగి ముళ్ళలా లేచాయని అర్థం. చూసింది చూసినట్టు కాగితం మీద రాసి మేనేజరు గారి బల్ల మీద పెట్టాలి. ఆయన సంతకం చేస్తారు. పద్నాలుగేళ్ళుగా చేస్తున్నది ఇదే.

ఇంకొకటి అడిగావు. మొన్న ఫోన్లో నా గొంతు అదోలా ఉందేమని. ఎస్టీడీ మీటరు తిరుగుతుంటే ఎవరి గొంతైనా అలానే ఉంటుందని అప్పుడు అన్నాను. ఆ మాట అబద్ధం. అసలు సంగతి రాయడానికే ఇన్ని కాగితాలు కొన్నాను.

జూలై ఇరవైమూడు, గురువారం సాయంత్రం. నాలుగో నంబరు స్లింగు దగ్గర గుడ్డ చిక్కుకుంది. ఒకచోట కాదు, జానెడు దూరంలో మూడుచోట్ల. నేను కూర్చుని రిపోర్టు రాశాను. దాన్ని నీకోసం ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను, ఎందుకంటే ఆ కాగితం ఈ పదిహేను రోజుల్లో ఎంతమంది చదివారంటే నాకు కంఠస్థం వచ్చేసింది.

"మహారాజశ్రీ మేనేజరు గారి సముఖమునకు, గేరు మేస్త్రీ గవర్రాజు నమస్కరించి వ్రాయునది. తమరి దయ వలన ఇక్కడ గేరు అంతయు క్షేమము. తమరి క్షేమము తెలియగోరుదును. వర్షములు బాగుగా పడుచున్నవి. గ్రీజు డబ్బా వచ్చినది గాని మూత రాలేదు. స్టోరులో పిల్లి మూడు పిల్లలను పెట్టినది, తల్లీపిల్లలు కులాసా. కొక్కెములు అన్నియు నూనె రాసుకుని కులాసాగా ఉన్నవి. మరియు నాలుగో నంబరు స్లింగునకు కొంచెము నలతగా ఉన్నది. వీలు చూసుకుని తమరు ఒకసారి పరామర్శించగలరు. ఇట్లు విధేయుడు."

మేనేజరు గారి గది నా స్టోరుకి నలభై అడుగులు. ఆయన క్షేమం కిటికీలోంచి కనిపిస్తూనే ఉంటుంది. అయినా తెలియగోరాను.

నవ్వుతున్నావు కదా? నవ్వు. నేనూ నవ్వేవాణ్ణే. కానీ నీకు తెలుసు, మనవైపు ఉత్తరం అలాగే మొదలవ్వాలి. నా చిన్నప్పుడు మా పెదనాన్న పరవాడ నుంచి ఒకసారి కార్డు రాశాడు. తొందరలో పైన శ్రీ రాయలేదు, క్షేమం రాయలేదు, "వెంటనే బయల్దేరి రా" అని మొదలెట్టాడు. పైన శ్రీ లేదంటే అది చావు ఉత్తరమే కదా. మా నాన్న మొదటి ముక్క చదివేలోపే మా నాయనమ్మ గుమ్మంలో కూలబడి గుండెలు బాదుకుంది. ఇరుగుపొరుగు వచ్చి ఓదార్చారు. తీరా కింది వరస చదివితే, గేదె బేరానికి వచ్చింది, చూడ్డానికి రమ్మని. ఆవేళ మా అమ్మ నాకు చెప్పింది: "ఏటి రాసినా సరే నాయనా, ముందు అందరం బాగున్నాం అని రాసీ. ఆ తరవాత నీ ఇష్టం." మా బడిలో మాస్టారూ అదే నేర్పారు. యాభై నాలుగేళ్ళొచ్చినా నా చెయ్యి కాగితం మీద పడగానే ముందు అందర్నీ క్షేమంగా ఉంచేస్తుంది. చెడ్డమాట అయితే ఎక్కడో చివర్న, ఒళ్ళు వెచ్చబడిన పిల్లాడి సంగతి రాసినట్టు మెల్లగా రాస్తుంది.

మా మేనేజరు మోహన్ గారు గోదావరి వైపు మనిషి. ముప్పై నిండలేదు. రోజుకి ముప్పై కాగితాలు చూస్తారు. మొదటి వరస చదివారు, అంతా క్షేమం అని ఉంది, సంతకం పెట్టారు.

మర్నాడు శుక్రవారం పొద్దున్న తొమ్మిదిన్నరకి నేను సైకిలు స్టాండు వేస్తున్నాను. క్రేను లారీ మీంచి దిమ్మని ఎత్తి కింద దించుతోంది. దిమ్మ నేలకి ఇంకా మనిషెత్తున ఉంది. దానికి వేసింది నాలుగో నంబరు. కింద చెక్కలు సర్దుతున్నది శంకరం. ఒక చెక్క పెట్టాడు. రెండోది తీసుకురావడానికి నాలుగడుగులు పక్కకి వెళ్ళాడు.

భవానీ, ఇక్కడ ఆగి పైన రాసిన మూడు ముక్కలు ఇంకోసారి చదువుకో.

స్లింగు తెగింది. దిమ్మ వాడు నిలబడ్డ చోటే పడింది. నేల అదిరింది, నా సైకిలు పడిపోయింది. దుమ్ము తగ్గాక చూస్తే శంకరం చెక్క చంకలో పెట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు. వాడి నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఏమిటో తెలుసా?

"బావా, నా కేరేజీ!"

వాడి అన్నం క్యారియరు దిమ్మ కింద ఉంది. మూడు గిన్నెలూ కలిసి ఒకే పళ్ళెం అయ్యాయి. లోపల ఉన్నది నేను వండిన వంకాయ కూర. ఆ కూరకి అలాంటి గతే పట్టాలని యార్డులో చాలామందికి ఎప్పట్నుంచో కోరిక, ఆ ఒక్క విషయంలో అందరూ తృప్తిపడ్డారు. శంకరం కూడా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ కింద కూర్చున్నాడు. పావుగంట సేపు లేవలేదు. నేను వాడి వీపు రాస్తూ పక్కనే కూర్చున్నాను.

మధ్యాహ్నం మోహన్ గారు నన్ను పిలిచారు. ఫైలు తెరిచి ఉంది. "గవర్రాజు గారూ, మీరే కదండీ రాశారు, అంతా క్షేమం అని?" అన్నారు. "కింద కూడా రాశానండీ" అన్నాను. ఆయన చదవడం మొదలెట్టారు. వర్షాలు, గ్రీజు డబ్బా, పిల్లి. ఆయన వేలు వరస వరసకీ కిందికి దిగుతుంటే నాకు ఆ కాగితం మైలు పొడుగున్నట్టు అనిపించింది. నలత దగ్గర వేలు ఆగింది. ఆయన నా వంక చూశారు. నేను కిటికీ వంక చూశాను. ఆయన సంతకం నలత కింద రెండు వేళ్ళ దూరంలో ఉంది.

సోమవారం హెడ్డాఫీసు నుంచి మెమో వచ్చింది. మూడు రోజుల్లో రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలి, సరిగ్గా లేకపోతే ఉద్యోగం తీసేస్తారు. మోహన్ గారికీ ఒకటి వచ్చింది. మా ఇద్దర్లో ఒకరు ఉంటారు, ఒకరు పోతారు అని యార్డులో అనుకున్నారు.

శంకరం ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఊరుకోలేదు. "ఏటి బావా ఆలోచన? నువ్వు రాసినావు, ఆడు సూడ్నేదు. సంతకం ఎట్టీసినాడు. అదే రాసీ. ఆడి మీదెట్టీ."

"చిన్నవాడురా. మొన్ననే పెళ్ళి కుదిరింది."

"మరి నీకేటి, పెళ్ళయిపోనాదని ఉద్యోగం అక్కర్లేదా? మా అక్క వొచ్చి అడిగితే నాను జవాబు సెప్పలేను."

వాడికి భయమల్లా నువ్వే. దిమ్మ అంటే అంత భయం లేదు.

మర్నాడు సెలవు పెట్టి వీధరుగు మీద కూర్చుని నాలుగు పేజీల సంజాయిషీ రాశాను. పైకి చదువుకుంటున్నాను. ఇంతలో మన నూకాలు చేపల గంప దించింది. రెండు పేజీలు విని అడిగింది.

"ఏటి బాబూ, అరుగు మీన పురాణం ఎట్టీసినారు?"

"పురాణం కాదు నూకాలూ. ఉద్యోగం తియ్యొద్దని రాసిన కాగితం."

"అదెక్కడుంది అందులో? నాకింకా ఇనపడ్నేదు."

"మూడో పేజీలో వస్తుంది."

"ఓలమ్మా!" అని నుదురు కొట్టుకుంది. "బాబూ, నాను పొద్దున్నే ఈదిలోకొచ్చి ఏటని అరుత్తాను? వంజరం, వంజరం అనే కదా? మా ఇంటాయన రేత్రి పడవెక్కినాడు, గాలి ఈదురుగుంది, నా మోకాలు నొప్పి అని మొదలెడితే అమ్మగారు తలుపు తీత్తారా? సేప పేరు ముందు సెప్పాల. కబుర్లు తూకం ఏసినప్పుడు సెప్పుకుంటాం."

"మరి చెడ్డ చేప అయితే?"

"సెడ్డ సేపయితే ఇంకా గట్టిగా సెప్పాల బాబూ. నేకపోతే తిన్నోడు సత్తాడు. ఇంతకీ వంజరం తీసుకుంటారా, పేజీ తిప్పుతారా?"

వంజరం తీసుకున్నాను. నాలుగు పేజీలూ చేపకి చుట్టడానికి ఇచ్చేశాను. తర్వాత అరుగు మీదే కూర్చుని కొత్త కాగితం తీశాను. మొదటి వరస రాయడానికి గంట పట్టింది. శ్రీ లేకుండా, క్షేమం లేకుండా మొదలెడుతుంటే, భవానీ, ఎవరి చావో రాస్తున్నట్టే అనిపించింది. అయినా రాశాను. అది ఇదీ:

"అయ్యా, నాలుగో నంబరు స్లింగు తెగిపోతుందని నాకు ముందురోజే తెలుసు. తీగలు మూడుచోట్ల తెగాయి. ఆ మాట నా రిపోర్టులో మొదట ఉండాలి, నేను పిల్లి తర్వాత రాశాను. తెగాయి అని రాయాలి, నలత అని రాశాను. మొదటి వరసలో అంతా క్షేమం అని రాశాను, అది నిజం కాదు. మేనేజరు గారు మొదటి వరస నమ్మారు. ఇకనుంచి పాడైన స్లింగు నంబరు మొదటి వరసలో రాస్తాను, ఆ స్లింగుని వేరే గదిలో పెట్టి తాళం వేస్తాను. తప్పు నాది. గవర్రాజు, గేరు మేస్త్రీ."

శంకరం చదివి "ఇదేటి బావా, మన పీక మనవే కోసీసుకున్నట్టుంది" అన్నాడు. రెండోసారి చదివి "కానీ బావా, అర్థమైపోనాది" అన్నాడు.

తర్వాత ఎనిమిది రోజులు ఏ కబురూ లేదు. నువ్వు ఫోన్ చేసింది ఆ ఎనిమిది రోజుల్లోనే. మొన్న శుక్రవారం హెడ్డాఫీసు పెద్దాయన స్వయంగా వచ్చారు. తెల్లజుట్టు మనిషి, కూర్చోకుండా నా కాగితం నిలబడే చదివారు. చదవడం అయిపోయాక వెనక్కి తిప్పి చూశారు, ఇంకేమైనా ఉందేమోనని.

"ఇంతేనా?" అన్నారు.

"ఇంతేనండి."

"ఈ కంపెనీలో ఇరవై రెండేళ్ళుగా సంజాయిషీలు చదువుతున్నాను. మొదటి వరసలోనే సంగతి దొరికింది ఇదే" అన్నారు. తర్వాత మోహన్ గారి కాగితం తీశారు. అది ఇంకా చిన్నది. "నేను మొదటి వరసే చదివి సంతకం చేశాను. పూర్తిగా చదవడం నా పని. తప్పు నాది" అని ఉంది. పెద్దాయన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, "తప్పు నాదంటే నాదని ఇద్దరూ దెబ్బలాడుకుంటే నేనెవర్ని తియ్యను? వెళ్ళి పని చూసుకోండి" అన్నారు.

బయటికొచ్చాక మోహన్ గారు నా చెయ్యి పట్టుకున్నారు. "గవర్రాజు గారూ, పిల్లి పిల్లలు ఎలా ఉన్నాయండీ?" అన్నారు. "రిపోర్టులో రాయమంటారా?" అన్నాను. ఇద్దరం యార్డు మధ్యలో నిలబడి నవ్వుకున్నాం. పదిహేను రోజుల తర్వాత ఆవేళ నాకు ఆకలేసింది.

నిన్నట్నుంచి రిపోర్టుకి కొత్త ఫారం వచ్చింది. పైన ఒకే గడి: "ఈరోజు వాడకూడనివి." అందులో ఏదీ లేకపోతే "ఏవీ లేవు" అని రాయాలి, గడి ఖాళీగా వదలకూడదు. క్షేమసమాచారాలకి చోటు లేదు. నిన్న అది నింపుతుంటే నాకు అదోలా అనిపించింది, పలకరించకుండా ఇంట్లోకి వెళ్ళినట్టు. అందుకని గది గుమ్మం దగ్గర ఆగి నోటితో "బాగున్నారా బాబూ" అని అడిగి, తర్వాత కాగితం ఇచ్చాను.

ఉద్యోగం ఉంది, శంకరం ఉన్నాడు. ఇక్కడితో ఇట్లు అని రాసేస్తే నువ్వు దేవుడికి దణ్ణం పెట్టుకుని ఊరుకుంటావు. కానీ రెండు మాటలు ఉండిపోయాయి. సంజాయిషీలో రాయలేదు, శంకరానికీ చెప్పలేదు.

ఒకటి, నా కిందటి ఉత్తరం. "ఇక్కడ అందరం క్షేమం, శంకరం రోజూ భోజనానికి వస్తున్నాడు" అని రాశాను చూడు, అది ఆ శుక్రవారం సాయంత్రమే రాశాను. నా చొక్కాకి ఇంకా దుమ్ము ఉంది.

రెండోది. ఆ గురువారం గుడ్డ చిక్కుకున్నాక నేను నలభై అడుగులు నడిచి వెళ్ళి, బాబూ ఈ స్లింగు వద్దు అని నోటితో చెప్పొచ్చు. మోహన్ గారు అప్పుడు ఫోన్లో ఎవరిమీదో అరుస్తున్నారు. ఇప్పుడెందుకులే అనుకున్నాను. కాగితం మీద రాసి పెట్టేస్తే కాగితం మీద ఎవరూ అరవరు. రాసి, ఆ స్లింగుని నా చేత్తోనే తీసుకెళ్ళి మళ్ళీ మేకుకి తగిలించాను. మర్నాడు వాళ్ళు తీసుకున్నది అక్కణ్ణుంచే. నేను రాసింది ఆయనకి తెలియాలని కాదు భవానీ. నేను రాశానని ఉండాలని.

అందుకే స్లింగు తెగిన చప్పుడు విన్నప్పుడు నా మనసులో మొదట వచ్చింది శంకరం కాదు. "నేను రాశాను కదా" అని వచ్చింది. శంకరం రెండోవాడు. రెప్పపాటే తేడా, ఎవరికీ తెలీదు. కానీ చిన్నప్పట్నుంచి బావా బావా అని నా చెయ్యి పట్టుకు తిరిగినవాడు నాకు రెండో వరసలో వచ్చాడు. ఈ పదిహేను రోజులూ నా గొంతు అదోలా ఉన్నది మెమోకి కాదు, దీనికి.

ఇప్పుడు రాసేశాను. ఒంట్లోంచి జ్వరం దిగినట్టుంది. నువ్వేమంటావో అను, ఫోన్లో అను, మీటరు తిరిగితే తిరగనీ.

శంకరం పక్కనే కూర్చుని రెండోసారి అన్నం వడ్డించుకుంటున్నాడు. కొత్త క్యారియరు కొన్నాడు, ఈసారి నాలుగు గిన్నెలది. "అక్కకి ఏటి రాత్తన్నావు బావా ఇంతసేపు? దిమ్మ సంగతి రాయకు, కంగారు పడతాది. నాను బాగున్నానని రాసీ సాలు" అంటున్నాడు. ముందు అదే రాశానురా అన్నాను. నమ్మలేదు. మొదటి పేజీ చూపించాను. ఉత్తరం మొదలెట్టినప్పుడు పైన మూడు వేళ్ళ జాగా వదిలాను, ఏం రాయాలో తెలిశాక రాద్దామని. ఇందాకే నింపాను. శ్రీకి పైన పడింది. మా నాయనమ్మ ఉంటే గుమ్మంలో కూలబడేది. నువ్వు మాత్రం కూలబడకు, ఒళ్ళో పసిపిల్ల ఉంటుంది.

ఇట్లు,
ముందుగా శంకరానికి బావ,
తర్వాత నీ భర్త,
గవర్రాజు.